తిరుపతికి పోయొచ్చినావా?

[దృశ్యం: బెంగళూరు, మారతహళ్లి. పీజీ హాస్టల్ మెట్లు. తలకు చున్నీ చుట్టుకున్న ఒక యువతి.]

వ్యాఖ్యానం: అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఈ యువతికి, రూపాయి బిళ్లంత మచ్చతో మొదలైన జుట్టు రాలడం మూడు నెలల్లో తలంతా పాకడంతో, మిగిలిన వెంట్రుకలను కూడా ఆమె తీయించుకుంది. మెట్ల మీద ఎదురైన ఆంటీ "ఏమ్మా, తిరుపతికి పోయొచ్చినావా?" అని ఆప్యాయంగా అడిగితే, ఔనన్నట్టు తల ఊపింది. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది: "మరి లడ్డు ఏదమ్మా?"

మొక్కు తీర్చుకున్న గుండును మనం గౌరవంగా చూస్తాము. దానంతటదే ఊడిన జుట్టుకు మాత్రం సంజాయిషీ అడుగుతాము. జుట్టు రాలినవారిని అలసట పెట్టేది అద్దం కంటే ఎక్కువగా ఈ సంజాయిషీయే అని నా అభిప్రాయం.

[దృశ్యం: తల చర్మం, వెంట్రుక కుదురు బొమ్మ.]

ఆమెకు వచ్చినదాన్ని తెలుగువారు పేనుకొరుకుడు అంటారు. పేరులోనే నింద ఉంది: పేలు పట్టించుకున్నదనీ, శుభ్రత లేదనీ, పక్కన కూర్చుంటే అంటుకుంటుందనీ వినేవారికి తోస్తుంది. నిజానికి ఇందులో పేను పాత్ర ఏమీ లేదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలు పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల ఇది వస్తుంది, ఎవరికీ అంటదు. కుదుళ్లు పూర్తిగా నశించవు కనుక జుట్టు తిరిగి రావచ్చు, వచ్చినది మళ్లీ రాలనూవచ్చు. ఈ అనిశ్చితి వల్లే దువ్వెన పట్టుకోవడానికి కూడా చేయి వెనుకాడుతుంది.

[దృశ్యం: స్నానాలగది జాలీలో చుట్టుకున్న వెంట్రుకలు.]

ఊరు మారినవారి విషయం వేరు. "బెంగళూరు నీళ్లు పడలేదు" అని ఇంటి నుంచి అమ్మ ఫోనులో తేల్చేస్తుంది. బోరు నీటి కాఠిన్యానికి వెంట్రుక గరుకుబారవచ్చు గానీ, గట్టి జ్వరం, కాన్పు, తిండి తగ్గడం, తీవ్రమైన ఒత్తిడి వంటివి జరిగిన రెండు మూడు నెలల తరువాతే జుట్టు గుత్తులుగా రాలుతుంది కనుక, పాత ఊరిలో తగిలిన దెబ్బ కొత్త ఊరి కుళాయి దగ్గర బయటపడుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే అని చెప్పినా, లెక్కపెట్టడం మొదలుపెట్టినవారు ఆపరు.

మగవారికి సంబంధాలు చూసే కాలంలో కష్టం ముదురుతుంది. పెళ్లి ప్రొఫైలులో బెంగళూరు దగ్గరి నందికొండ మీద టోపీతో దిగిన ఫొటోయే ఎందుకుంటుందో చూసేవారికీ తెలుసు. జుట్టు పెరగడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ రాసుకున్నా ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, ముహూర్తం అంతవరకు ఆగదు. మానేస్తే నిలిచిన జుట్టు మళ్లీ రాలుతుంది.

చర్మవైద్యుడికి తల చూపించేవారు మనసు సంగతి ఎత్తరు. నిద్ర పట్టకపోయినా, జనంలోకి వెళ్లడం మానేసినా అదీ వైద్యుడికి చెప్పవలసిన లక్షణమే. 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. దానికి ప్రధాన కేంద్రం ఈ ఊరిలోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే.

[దృశ్యం: మళ్లీ అవే మెట్లు.]

ఆంటీకి అసలు సంగతి చెప్పడానికి ఆ యువతికి నాలుగు వారాలు పట్టింది. విన్న ఆంటీ కాసేపు ఏమీ అనలేదు. తరువాత పిన్నులు ఒక్కొక్కటే లాగి, కొప్పులోంచి జానెడు సవరం తీసి ఆమె చేతిలో పెట్టింది.