సంతకానికి ముందు రాష్ట్రపతి చేయగలిగినవి

అందరికీ నమస్కారం.

రాష్ట్రపతి అనగానే చాలామంది నోట వచ్చే మాట 'రబ్బరు స్టాంపు'. రాజ్యాంగం 53వ అధికరణ చదివితే మాత్రం అందుకు పూర్తిగా వ్యతిరేకమైన అభిప్రాయం కలుగుతుంది. కేంద్ర కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదే, త్రివిధ దళాల సర్వాధిపత్యమూ ఆ పదవిదే. ఆ అధికారాన్ని ఎలా వాడాలో 74వ అధికరణ చెబుతుంది: ప్రధాని నాయకత్వంలోని మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ ఈ సంగతిని అనుమానానికి తావు లేకుండా రాసింది. 1978లో 44వ సవరణ దానికి ఇంకో వాక్యం కలిపింది. వచ్చిన సలహాను మరోసారి ఆలోచించమని రాష్ట్రపతి తిప్పి పంపవచ్చు. మళ్లీ అదే సలహా వస్తే పాటించి తీరాలి. ఆ పదవికున్న అసలు బలం ఈ తిప్పి పంపడంలోనే ఉందని నా నమ్మకం.

44వ సవరణ ఎందుకు అవసరమైందో తెలియాలంటే 1975 జూన్ 25 రాత్రిని గుర్తుచేసుకోవాలి. ఎమర్జెన్సీ ప్రకటన మీద అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ రాత్రే సంతకం పెట్టారు. కేంద్ర మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు ఉదయం. సలహా ఇవ్వాల్సిన మంత్రులకు సంతకం అయిపోయాక విషయం తెలిసిందన్నమాట. ఇప్పుడు 352వ అధికరణ కింద అది కుదరదు. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందాకే ప్రకటన వెలువడాలి. నెలలోపు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఆరు నెలలకోసారి ఆ ఆమోదం మళ్లీ తెచ్చుకోవాలి.

తిప్పి పంపితే ఏమవుతుంది? కె.ఆర్. నారాయణన్ హయాంలో రెండుసార్లు చూశాం. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని గుజ్రాల్ మంత్రివర్గం సిఫార్సు చేసింది. నారాయణన్ వెనక్కి పంపారు, మంత్రివర్గం ఆ ఆలోచన మానుకుంది. 1998 సెప్టెంబరులో బీహార్ విషయంలో వాజపేయి ప్రభుత్వ సిఫార్సునూ అలాగే వెనక్కి పంపారు. 1999 ఫిబ్రవరిలో అది మళ్లీ వచ్చింది. ఈసారి సంతకం పెట్టక తప్పలేదు. కానీ రాజ్యసభలో బలం లేక, నెల తిరిగేసరికి కేంద్రమే దాన్ని ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. రాష్ట్రపతి కొనగలిగింది కొన్ని నెలల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో జరిగే చర్చను తక్కువగా చూడకూడదు.

ఇక పార్లమెంటు బిల్లుల సంగతి. 111వ అధికరణ ప్రకారం ఆమోదించవచ్చు, నిరాకరించవచ్చు, లేదా సందేశంతో సభలకు తిప్పి పంపవచ్చు. సభలు మార్పులతో గానీ, మార్పుల్లేకుండా గానీ మళ్లీ ఆమోదిస్తే సంతకం తప్పదు. ఎంపీలు సభ్యత్వం పోకుండా చేపట్టగల ప్రభుత్వ పదవులను పెంచే లాభదాయక పదవుల బిల్లును 2006లో అబ్దుల్ కలాం తిప్పి పంపారు. సభలు ఉన్నదున్నట్టు మళ్లీ పంపాయి, ఆయన సంతకం చేశారు. ద్రవ్య బిల్లును తిప్పి పంపే వీలు లేదు. రాజ్యాంగ సవరణ బిల్లుకైతే 1971 నుంచి ఆమోదం తప్పనిసరి. ఇందులో ఒక ఖాళీ ఉంది: సంతకానికి గడువంటూ లేదు. ఉత్తరాలు తెరిచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లును జైల్‌సింగ్ ఆమోదించకుండా, వెనక్కీ పంపకుండా అట్టే పెట్టుకున్నారు. అది చట్టం కానేలేదు.

అసలు సలహా ఇచ్చే మంత్రిమండలికే సభలో బలం లేకపోతే? 1979లో ఆ పరిస్థితి మన నీలం సంజీవరెడ్డికి ఎదురైంది. జూలైలో మొరార్జీ రాజీనామా చేశారు. చరణ్‌సింగ్‌ను ప్రధానిని చేసి, బలం నిరూపించుకోమన్నారు సంజీవరెడ్డి. ఆగస్టు 20న చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా ఇచ్చారు. జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇమ్మన్నా, సంజీవరెడ్డి 22న సభను రద్దు చేశారు. ఆ నిర్ణయం మీద నేటికీ వాదన ఉంది. ఎవరికీ మెజారిటీ రాని హంగ్ సభలో ఎవర్ని ముందు పిలవాలో రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. రబ్బరు స్టాంపు అన్న మాట ఇక్కడ అస్సలు పనికిరాదు.

చివరిగా మన రాష్ట్రాలకు నేరుగా తగిలే విషయం ఒకటి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. తిరుగులేని ఆధారాలున్న అత్యాచారం కేసుల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ ముగించాలన్నది అందులోని మాట. క్రిమినల్ చట్టాలు కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోవి. కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉండే రాష్ట్ర చట్టం నిలవాలంటే 254వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. 201వ అధికరణ కింద రాష్ట్రపతి దాన్ని గవర్నర్ ద్వారా వెనక్కి పంపవచ్చు. శాసనసభ ఆరు నెలల్లోగా మళ్లీ పరిశీలించాలి. రెండోసారి ఆమోదించి పంపినా రాష్ట్రపతి సంతకం చేయాలన్న నిర్బంధం లేదు. పార్లమెంటు బిల్లుకీ, శాసనసభ బిల్లుకీ ఉన్న పెద్ద తేడా ఇదే.

ఇక్కడా రాష్ట్రపతి నడిచేది కేంద్రం సలహా మీదే. హోం శాఖ ఆ బిల్లును సంబంధిత శాఖలకు పంపుతుంది, వాటి అభ్యంతరాలు రాష్ట్రానికి వస్తాయి, జవాబులు తిరిగి వెళ్తాయి. కాబట్టి బిల్లు ఆగిందంటే మనం అడగాల్సింది ఫైలు ఏ శాఖ దగ్గర ఉందని, ఆ శాఖ లేవనెత్తిన అభ్యంతరం ఏమిటని. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు వచ్చాయి, యాప్ వచ్చింది. చట్టం మాత్రం రాలేదు. 2024 జూలై 1 నాటికి, ఆ బిల్లు సవరించాలనుకున్న పాత క్రిమినల్ చట్టాలు ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలో కొత్త చట్టాలే అమల్లోకి వచ్చేశాయి.