ఫోన్‌లో జీపీఎస్ ఉండగా విమానానికి గగన్ ఎందుకు?

నమస్తే అండీ. "నేను ఏ సందులో ఉన్నానో నా ఫోనే చూపిస్తోంది, విమానాలకు మళ్లీ గగన్ దేనికి?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఉండబట్టదు. ఇంకొందరేమో గగన్, నావిక్ ఒకటే అనేస్తారు. కాదండీ. నావిక్ మన సొంత ఉపగ్రహ వ్యవస్థ. గగన్ పని జీపీఎస్ చెప్పినదాన్ని సరిచూసి దిద్దడం.

సంతలో ముల్లు కాటా ఉంటుంది చూడండి. అది సరిగ్గా తూస్తోందా అని అనుమానం వస్తే ఏం చేస్తాం? కిలో రాయి పెట్టి చూస్తాం. కిలో యాభై చూపిస్తే, ఇక ఏది తూచినా యాభై గ్రాములు తీసేస్తే సరి.

గగన్‌కి అలాంటి రాళ్లు 15 ఉన్నాయి. జమ్మూ నుంచి తిరువనంతపురం దాకా, పోర్‌బందర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా రిఫరెన్స్ స్టేషన్లు పెట్టారు. ఒక్కోటి కచ్చితంగా ఎక్కడుందో ముందే కొలిచి ఉంచారు. జీపీఎస్ వేరే చోటు చెప్పిందంటే, ఆ తేడాయే తప్పు. ఆ తప్పును బెంగళూరులో లెక్కకట్టి, జీశాట్ ఉపగ్రహాల మీదుగా విమానానికి చేరవేస్తారు.

ఒక్క రాయి చాలదా? చాలదు. తప్పు ఊరూరికీ మారుతుంది. మనపైన ఉన్న అయనోస్ఫియర్, అంటే ఎలక్ట్రాన్లు నిండిన పైగాలి పొర, జీపీఎస్ సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. భూ అయస్కాంత మధ్యరేఖ తిరునల్వేలి దగ్గరగా పోతుంది. అక్కడ పైకి లేచిన ఎలక్ట్రాన్లు భోపాల్, కోల్‌కతా వైపు వచ్చి గుట్టపడతాయి. గుట్ట ఉన్నచోట ఆలస్యం ఎక్కువ. గగన్‌లాంటి వ్యవస్థే అమెరికాకూ ఉంది, కానీ వాళ్ల ఆకాశానికి కట్టిన లెక్క ఇక్కడ పనికిరాలేదు. ఇస్రో మన ఆకాశానికి తగిన మోడల్‌ని తనే తయారు చేసుకుంది. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

మళ్లీ కాటా దగ్గరికి వద్దాం. రాయి పెట్టినా ముల్లు నిలవకుండా ఊగుతోందనుకోండి. అప్పుడు దిద్దడం కాదు, "ఇప్పుడు దీనిమీద తూచొద్దు" అని అరిచి చెప్పాలి. గగన్ ఆ హెచ్చరికను కొద్ది సెకన్లలోనే పంపుతుంది. మీ ఫోన్ పంపదు. మబ్బులో దిగుతున్న పైలట్‌కి కావలసింది ఆ భరోసా.

ఇప్పుడు ఆఫ్రికా సంగతి, అక్కడా గగన్‌లాంటిది కావాలి. అదే అయస్కాంత రేఖ అక్కడా పోతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో సన్నని దేశం. తన హద్దుల్లో ఎన్ని రాళ్లు పాతినా పక్క దేశం మీది ఆకాశం దానికి అందదు. అందుకే ఆసెక్నా. 1959లో పుట్టి, డాకర్ కేంద్రంగా పలు దేశాల విమాన మార్గాలను ఉమ్మడిగా చూసుకునే సంస్థ ఇది. 2020లో నైజీరియా ఉపగ్రహం మీదుగా గగన్‌లాంటి ప్రయోగాత్మక సంకేతం పంపింది. 2021 జనవరిలో టోగో రాజధాని లోమేలో విమానంతో పరీక్షించి చూపింది.

టైమ్ అయిపోతోంది, శిక్షణ సంగతి గబగబా చెప్పేస్తాను. రాళ్లుంటే చాలదు, తూకం చదవడం రావాలి. ప్రతి రన్‌వేకీ దిగే దారి గీయాలి. విమానంలో రిసీవర్ ఉండాలి, పైలట్లకూ కంట్రోలర్లకూ నేర్పాలి. డెహ్రాడూన్ కేంద్రంగా ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ ఒకటి ఆసియా-పసిఫిక్ దేశాల వాళ్లకు ఉపగ్రహ నావిగేషన్ నేర్పుతోంది. మన సంగతే చూడండి: విమానం దిగేటప్పుడు వాడుకోవడానికి గగన్‌కి ధ్రువీకరణ వచ్చింది 2015 ఏప్రిల్‌లో. ఇండిగో వాళ్ల ఏటీఆర్ అనే చిన్న విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దాని సాయంతో దిగింది 2022 ఏప్రిల్‌లో. ఆ ఏడేళ్లూ సంకేతం మన నెత్తిమీదే ఉంది.