ఇంటి దగ్గరే ఇంజన్ మార్చొచ్చా? 2 టన్నుల క్రేన్ వాడి చూశాం, ఆ చక్రాల సంగతి చెప్పాలండీ

నమస్కారమండీ. ముందు ఒక లెక్క తేల్చేసుకుందాం. ఈ ఎర్ర క్రేన్, అంటే చేత్తో పంపు కొట్టి బండిలోంచి ఇంజన్ పైకెత్తే చక్రాల పరికరం, నేను కొన్నది కాదు. షెడ్డు సామాన్లు అమ్మే షాపు వాళ్ళు పంపించారు, వాడి చూసి ఒక వీడియో చెయ్యమన్నారు. డబ్బులివ్వలేదు గానీ వస్తువు తిరిగి పంపమని కూడా అనలేదు. అంటే ఊరికే వచ్చినట్టే. అది మనసులో పెట్టుకునే నా మాట వినండి. ఇక ఎంత ఎత్తు లేస్తుంది, మడిస్తే ఎంత జాగా పడుతుంది లాంటివన్నీ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. అవి నేను చదవను.

అసలు నన్ను అడిగేవాళ్ళెవరూ క్రేన్ గురించి అడగరు. "అన్నా, మా పాత 800 ఇంజన్ అయిపోయింది, షెడ్డుకి ఇవ్వకుండా ఇంటి దగ్గర మనమే మార్చేసుకోవచ్చా" అని అడుగుతారు. సరిగ్గా క్రేన్ వచ్చిన టైముకే మా బావగారి మారుతి 800 నీలం పొగ మొదలెట్టింది. కార్బొరేటర్ బండి, అంటే కంప్యూటరు లేకుండా పెట్రోలూ గాలీ కలిపే పాత రకం. రాజోలు వైపు ఈ బండి ఉన్న ఇళ్ళు ఇంకా చాలానే ఉన్నాయండి. 2014లో 800 తయారీ ఆపేశారు గానీ పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రికీ, కొబ్బరికాయలకీ ఇప్పటికీ అదే తిరుగుతుంది.

ముందొక మాట. పొగ వస్తే ఇంజన్ పోయినట్టు కాదు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతుంటే వాల్వ్ సీళ్ళు, అంటే వాల్వుల దగ్గర ఆయిల్ లోపలికి జారకుండా ఆపే రబ్బర్లు, చూపించండి, అది హెడ్ పని, ఇంజన్ పై భాగం వరకే, మొత్తం దించక్కర్లేదు. ఎప్పుడూ వస్తూనే ఉండి, ఆయిల్ కూడా తాగుతుంటే అప్పుడు కంప్రెషన్ మీటరు పెట్టండి, సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతుందో అది చూపిస్తుంది. మూడు సిలిండర్లూ కొలవండి. ఏది తక్కువ చూపిస్తే దాని ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. ముల్లు పైకి లేచిందంటే పిస్టన్ రింగులు, బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగాయన్నమాట. లేవలేదంటే తప్పు వాల్వుల దగ్గరో, హెడ్ గాస్కెట్ దగ్గరో ఉంది. బావగారి దాంట్లో మధ్య సిలిండరు చచ్చింది, ఆయిల్ పోస్తే లేచింది. ఇంక మాట్లాడేదేముంది.

లంకల్లో ఉండేవాళ్ళకి ఇంకో మాట. 2022 జూలైలో గోదావరి ఎక్కినప్పుడు ఎన్నో బళ్ళు నీళ్ళలో నిలబడిపోయాయి. అలా మునిగిన బండికి తాళం తిప్పకండి. నీళ్ళు గాలిలా నలగవు, పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్గులన్నీ విప్పి, ఇంజన్ని చేత్తో తిప్పి, నీళ్ళు బయటికి కక్కించి, ఆయిల్ మార్చి, అప్పుడు చూడండి. అలా బతికే ఇంజన్ని తాళం తిప్పి చంపుకుని, ఆ తర్వాత నన్ను అడుగుతారు, ఇంజన్ మార్చొచ్చా అని.

బోరు చేయించాలా, వేరే ఇంజన్ తెచ్చి పెట్టాలా అని బావగారు రెండు రోజులు బుర్ర గోక్కున్నారు. బోరింగ్ అంటే అరిగిన సిలిండర్ గోడ చెక్కించడం, దానికి ఇంజన్ బ్లాకు లేతు షాపుకి వెళ్ళాలి, ఓవర్ సైజు పిస్టన్లు రావాలి, ఆలస్యం. విజయవాడ ఆటోనగర్లో పాత ఇంజన్ దొరుకుతుంది. చివరికి దానికే మొగ్గారు. టాటా ఏస్‌లో వేసుకుని పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటించి తెచ్చారు.

ఇక్కడ జాగ్రత్తండీ. 796 సీసీ, మూడు సిలిండర్లు కదా, ఏదైనా ఒకటే అనుకోకండి. ఓమ్నీదీ అదే సీసీ. కానీ ఓమ్నీలో ఇంజన్ సీట్ల కింద బండి పొడుగునా కూర్చుని వెనక చక్రాలు తిప్పుతుంది, 800లో ముందు అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పుతుంది. ఇంజన్ని బండికి బిగించే మౌంటింగుల దగ్గర్నుంచి గేర్ బాక్స్ దాకా తేడా. అలాగే కార్బొరేటర్ బండిలో ఎంపీఎఫ్ఐ ఇంజన్, అంటే కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మే రకం, పెడతానంటే, ఇంజనొక్కటే కాదు, ట్యాంకులో పెట్రోల్ పంపు, కంప్యూటరు, సెన్సర్లు, వైరింగ్ మొత్తం రావాలి. "వైర్లేగా, కలిపేస్తా" అనే మేనల్లుడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. వాడి మాట వినకండి. ఏది ఉందో అదే తెచ్చి పెట్టండి, ఇంటి దగ్గర చేసే పని అదొక్కటే.

సరే, క్రేన్. ఇంతకు ముందు మా దగ్గర చైన్ కప్పీ ఉండేది. మా మెకానిక్ బాబాయి జీవితమంతా దాంతోనే దించాడు ఇంజన్లు. పెద్ద దూలానికో, మూడు ఇనప గొట్టాల కాళ్ళకో తగిలించడం, గలగలా గొలుసు లాగడం. నిజం చెప్పాలంటే దాని మీద నాకు గౌరవం పోలేదు. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది, ఆయిల్ కారదు, ఏళ్ళ తరబడి అలా పడి ఉన్నా పని చేస్తుంది. ఒక్కటే చిక్కు, ఇంజన్ పైకి లేచాక అది కదలదు, బండినే వెనక్కి నెట్టాలి. ముందు చక్రాల ఆక్సిల్స్ విప్పేసిన బండిని నెట్టడమేంటో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ చిక్కు తీర్చడానికే క్రేన్. ఎత్తు, లాగు, పక్కకి తీసుకెళ్ళు. వినడానికి ఎంత బావుందో.

ఎత్తడం వరకూ నాకు ఫిర్యాదు లేదు. పంపు కొడితే హాయిగా లేచింది. అన్నట్టు పెట్టె మీద 2 టన్నులు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, అది క్రేన్ చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పుడు. చెయ్యి బయటికి లాగేకొద్దీ ఆ బరువు తగ్గుతూ వచ్చి చివరి రంధ్రానికి అర టన్నే. 800కి అదే ఎక్కువ. అంబాసిడర్ ఇంజన్‌కైనా చాలు. కాబట్టి టన్నుల గురించి మర్చిపోండి.

దించే వాల్వు మాత్రం కొంచెం పేచీ. బరువైన ఇంజన్ అయితే చిన్నగా తిప్పగానే దిగుతుందట. మారుతి ఇంజన్ తేలిక. కొంచెం తిప్పితే కదలదు, ఇంకొంచెం తిప్పితే కదలదు, మరికాస్త తిప్పితే జర్రున దిగుతుంది. గేర్ బాక్స్ విడిగా ఉంచి ఇంజన్ ఒక్కటే కూర్చోబెడితే, గేర్ బాక్స్ షాఫ్టు పళ్ళు క్లచ్ ప్లేటు పళ్ళల్లోకి ఎక్కాలి. వెంట్రుకవాసి పని. అక్కడ జర్రుమంటే ఎలా? అందుకే మేం గేర్ బాక్స్, ఇంజన్ కింద నేల మీదే కలిపేసి, రెండూ కలిపి పైనించి దించాం. అప్పుడు కాస్త బరువుండి వాల్వు కూడా మాట విన్నది. ఒక పక్కకి వంచి దించాలి కాబట్టి లెవెలర్, అంటే వేలాడే ఇంజన్ని కావలసినంత వంచే పరికరం, కావాలి, అది ఈ పెట్టెలో రాదు, విడిగా కొనుక్కోవాలి. సరే, అది కూడా క్షమించేశాను.

చక్రాలు. తస్సాదియ్యా, ఈ చక్రాలు.

ఇదిగో, దగ్గరగా చూపిస్తా. ఇనుముతో చేసిన బుల్లి చక్రాలు. పాలిష్ చేసిన గచ్చు మీద, ఏసీ షోరూములో, అద్భుతంగా తిరుగుతాయి. ఇది తయారు చేసినాయన డెల్టా నేల ఎప్పుడూ తొక్కి ఉండడండీ. మాది ఒండ్రు నేల. ఎండాకాలం పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తగానే ఉంటుంది. చాలా ఇళ్ళలో కారు పాకలో పేర్చిన ఇటకలే నేల. ఇటకకీ ఇటకకీ మధ్య సందులో చక్రం దిగిందంటే, బురదలో కాళ్ళు తన్నిపెట్టిన గేదె లాగా క్రేన్ అక్కడే నిలబడిపోతుంది. పైన ఇంజన్ ఊగుతుంటుంది. నెడితే ఇంకా ఊగుతుంది. నెట్టకపోతే సాయంత్రమవుతుంది.

దానికి చెక్క పలకలు పరిచాం. పలకల మీద వెళ్తుంది, కానీ క్రేన్ కాళ్ళు రెండు పక్కలా విడిగా ఉంటాయి కదా, రెండు కాళ్ళ కిందా పలకలు ఒకే ఎత్తులో ఉండాలి. ఒక పక్క పలక ఇంత దిగినా మొత్తం వాలుతుంది. బావగారు ముందుండి పలకలు జరపడం, నేను వెనకుండి నెట్టడం. "కొంచెం ఆగండి బావగారూ" అని నేను, "నువ్వు నెట్టరా, ఆగితే దిగిపోతుంది" అని ఆయన. ఆ పూటంతా మేం చేసింది ఇంజన్ పని కాదు, రోడ్డు పని.

ఇంకొకటి, క్రేన్ కాళ్ళు బండి కిందికి వెళ్ళాలి కదా. 800 నేలకి దగ్గరగా ఉంటుంది. బండి ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఆ స్టాండ్లు కూడా ఇదే నేల మీద. వాటి కింద కూడా మందపాటి పలక వెయ్యాలి, ఇటక ముక్కలు కాదు. ఇటక చెప్పకుండా పగులుతుంది. ఇంజన్ వేలాడుతున్నప్పుడు దాని కింద చెయ్యి పెట్టకండి, ఎత్తుగా ఉంచి తీసుకెళ్ళకండి. బండి దాటగానే నేలకి జానెడు దాకా దించేసి అప్పుడు జరపండి.

కొత్త ఇంజన్ ఎక్కించేటప్పుడు మళ్ళీ ఆ పాకలో పెట్టుకోలేదు. బండిని తాడు కట్టి ఊరి చివర రైసుమిల్లు కళ్ళానికి లాక్కెళ్ళాం. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం, తెలుసుగా. కోతల సీజను కాదు కాబట్టి ఖాళీ. అక్కడ ఇదే క్రేన్, ఇవే చక్రాలు, ఏంటండీ బాబూ అసలు! ఒక వేలితో నెట్టా. మధ్యాహ్నం భోజనానికి ముందే ఇంజన్ కూర్చుంది. అదే నా రివ్యూ అనుకోండి కావాలంటే.

ఇంటి దగ్గర చేద్దామనుకునేవాళ్ళు నేలతో పాటు నెల కూడా చూసుకోండి. ఇంజన్ పని ఒక్క రోజులో అవ్వదు. ఏదో ఒక మౌంటింగ్ రబ్బరు చిరుగుతుంది, ఏదో ఒక బోల్టు విరుగుతుంది. అంతర్వేది వైపు ఊళ్ళలో ఉప్పుగాలికి సైలెన్సర్ బోల్టులు తుప్పు పట్టి ఒకటైపోతాయి, ముందు రోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాలి. విప్పిన ఇంజన్ మూతులన్నీ శుభ్రమైన గుడ్డతో మూసెయ్యాలి, ప్లగ్గు రంధ్రాల్లో కాస్త ఆయిల్ వెయ్యాలి, లేకపోతే మన గాలికి బోరు తుప్పు పడుతుంది. అక్టోబరు, నవంబరులో తుపాను టైములో బండి బోనెట్ విప్పి కూర్చోకండి. ఎలుకలు వైరింగులో కాపురం పెడతాయి. కాలవలు కట్టేసే ఎండాకాలమే దీనికి మంచిది, ఉక్కపోత ఎలాగూ తప్పదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. ఇంజన్ నంబరు ఆర్సీ మీద ఉంటుంది. ఇంజన్ మారితే ఆర్టీఓ ఆఫీసులో ఆ నంబరు మార్పించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇదే. అనుమతి లేని మార్పుకి 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. కాబట్టి ఆటోనగర్లో ఇంజన్ కొనేటప్పుడు బిల్లు, అది ఏ బండిదో ఆ కాగితాలు అడిగి తీసుకోండి. "కాగితాలెందుకు సార్, తక్కువకిస్తా" అన్నాడంటే ఆ కొట్టు మెట్లు దిగిపోండి. బండికి 15 ఏళ్ళు దాటాక ఎలాగూ రెన్యువల్‌కి వెళ్తారు, అక్కడ నంబరు కలవకపోతే మీ కొత్త ఇంజన్ మీ మెడకే.

మరి మీరు చెయ్యొచ్చా? కార్బొరేటర్ బండి, అదే రకం ఇంజన్, కింద సిమెంటు నేల, ఇంతకు ముందు ఒక్కసారైనా ఇంజన్ దించిన మనిషి పక్కన, ఇవి ఉంటే చెయ్యండి, సరదాగా ఉంటుంది. తీసేటప్పుడు ప్రతి వైరుకీ, ప్రతి గొట్టానికీ కాగితం అంటించి నంబరు వేసుకోండి, ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఎంపీఎఫ్ఐ బండి అయితే, లేదా నేల మా పాక లాంటిదైతే, షెడ్డుకి ఇచ్చెయ్యండి. పైసలు ఆదా అవుతాయని మాత్రం మొదలెట్టకండి. స్పానర్లు, స్టాండ్లు, లెవెలర్, టాటా ఏస్ కిరాయి, ఇవన్నీ కలిపితే మెకానిక్ బాబాయి అడిగే కూలీకి దగ్గరకొస్తుంది.

క్రేన్ కొనాలా? ఒక్క ఇంజన్ కోసం అయితే వద్దు, అద్దెకి తెచ్చుకోండి. షెడ్డు పెట్టుకుని గచ్చు వేయించుకున్నవాళ్ళైతే కళ్ళు మూసుకుని కొనండి, పంపూ చెయ్యీ మంచి గట్టిగా ఉన్నాయి. పంపినవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, బాబూ, ఆ చక్రాలు మార్చండి. గాలి టైర్లు పెట్టమని అడగట్లేదు, కాస్త పెద్ద రబ్బరు చక్రాలు చాలు. నేనైతే ఆగలేక అమలాపురం వెల్డింగ్ షాపులో పెద్ద చక్రాల కోసం కొలతలు ఇచ్చొచ్చాను. కాళ్ళు ఎత్తు పెరిగితే 800 కిందికి దూరడం ఇంకా కష్టమవుతుందని అక్కడి కుర్రాడు అంటున్నాడు. దానికి ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని చూస్తున్నాం. అది తయారయ్యాక అంబాసిడర్ ఒకటి దించుదాం, ఇటకల నేల మీదే. ఉంటానండీ మరి.