నాన్న పోయాక కాగితాలు: నాయనమ్మ వాటా ఎవరికీ గుర్తుండదు

హోస్ట్: మేడమ్, పదకొండో రోజు భోజనాలు అవ్వకముందే బంధువులు 'ఆ కాగితాల సంగతి చూసుకోండ్రా' అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అడ్వకేట్: డెత్ సర్టిఫికెట్‌తో. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే తిప్పలుండవు. పేరు మాత్రం అక్షరం అక్షరం చూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం ఉంటుంది, పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది, ఆ ఒక్క తేడాకే మనల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతారు.

హోస్ట్: ఫోన్ సిమ్?

అడ్వకేట్: రీఛార్జ్ చేస్తూ ఉండండి! మెసేజ్‌లన్నీ దానికే వస్తాయి. బ్యాంకు పుస్తకం కూడా తిరగేయండి. మే నెలలో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు వస్తాయి. చాలామంది ఇళ్లల్లో ఆ పాలసీ ఉన్నట్టే తెలియదు.

హోస్ట్: ఏటీఎం పిన్ తెలుసు కదా అని డబ్బులు తీసేస్తుంటారు...

అడ్వకేట్: వద్దు. అది ఇప్పుడు వారసులందరి డబ్బు. రేపు చెల్లెలు స్టేట్‌మెంట్ అడిగితే ఏం చెప్తారు?

హోస్ట్: నామినీ నేనే అయితే?

అడ్వకేట్: అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తుంది, అంతే, అది మిగతా వారసుల తరఫున తీసుకున్నట్టు. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న స్వార్జితంలో అమ్మకి, కొడుకులకి, కూతుళ్లకి, నాయనమ్మకి తలా ఒక సమాన వాటా.

హోస్ట్: నాయనమ్మకా?

అడ్వకేట్: అవును, నాయనమ్మకే. తాతయ్య ఈ మొదటి వరసలో లేడు, ఆవిడ ఉంది. అమ్మ, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ ఉంటే పావు వంతు ఆవిడది. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టేటప్పుడు ఆవిడ పేరు వదిలేస్తారు, ఏదో చిన్నాన్న దగ్గర ఉంటోంది కదా అని. తర్వాత ఆవిడ వీలునామా రాయకుండా పోతే ఆ పావు వంతులోకి చిన్నాన్నలు, అత్తయ్యలు కూడా వస్తారు, అప్పుడు ఇల్లు అమ్మాలంటే వాళ్లందరి సంతకాలూ కావాలి.

హోస్ట్: నాకొద్దని ఆవిడ రాసిస్తే?

అడ్వకేట్: ఇంటి వాటాకి తెల్ల కాగితం మీద వేలిముద్ర పనికిరాదు. హక్కు విడుదల దస్తావేజు రాయించి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. ఆవిడకి చదివి వినిపించి, ఆవిడ ఇష్టంతోనే. అసలు నన్నడిగితే, ముందు ఆవిడ మందుల ఖర్చు ఎవరు చూస్తారో తేల్చండి, ఆ తర్వాత సంతకం అడగండి.