సాయంత్రాలు ఎవరివి?

(ఒక బిజినెస్ స్కూల్లో కొత్త బ్యాచ్‌కు విద్యార్థి క్లబ్బులను పరిచయం చేసే సభలో చేసిన ప్రసంగం)

డైరెక్టర్ గారికి, అధ్యాపకులకు, రెండో సంవత్సరం వాళ్లకు, నిన్నగాక మొన్న చేరి ఐడీ కార్డు ఇంకా మెడలోంచి తీయని మొదటి సంవత్సరం వాళ్లకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో అయిదు నా పరిచయానికే పోయాయి. ఆ పరిచయం చదివిన అమ్మాయికి థాంక్స్. లింక్డ్‌ఇన్‌లో ఉన్నది ఒక్క ముక్క పోకుండా చదివింది. ఒక్క సంగతి మాత్రం రాలేదు. అది అందులో లేదు కాబట్టి ఆమెను అని లాభం లేదు. రెండో సంవత్సరంలో మా కాలేజీ నాటకంలో నేను కానిస్టేబుల్ వేషం వేశాను. నాలుగంటే నాలుగే డైలాగులు. వాటిలో ఒకటి చీకట్లో చెప్పాను. ఆ చీకటి కథ తర్వాత చెబుతాను.

నాకిచ్చిన అంశం 'తరగతి గది బయట నాయకత్వం'. నాయకత్వం మీద మాట్లాడేవాళ్లకు కొరత లేదు, నెలకొకరు ఈ మైకు ముందుకే వస్తారు. నేను మాట్లాడాలనుకున్నది సాయంత్రాల గురించి. క్లాసులు అయిపోయాక, నిద్రపోయే లోపు ఉండే ఆ కాస్త సమయం ఎవరిది? ఇంత చిన్న ప్రశ్నకు ఇంత పెద్ద హాలు ఎందుకంటారా? మీ నోటీసు బోర్డు చూసొచ్చాను. ఈ వారం సాయంత్రాలన్నీ నిండిపోయాయి. ఒక్క నాటకం రిహార్సల్ లేదు, ఒక్క ఆట లేదు. అన్నీ కంపెనీల ప్రెజెంటేషన్లే. కింద ఎర్ర అక్షరాల్లో 'హాజరు తప్పనిసరి' అని కూడా ఉంది.

కొంచెం వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి. బిజినెస్ స్కూల్ అనేది పుట్టి ఎంతో కాలం కాలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వార్టన్ 1881లో మొదలైంది. డిగ్రీ అయ్యాక చదివే మేనేజ్‌మెంట్ కోర్సుకు అమెరికాలోనే డార్ట్‌మత్ కాలేజీలోని టక్ స్కూలు 1900లో తెర తీసింది. హార్వర్డ్ 1908లో వచ్చింది. ఈ స్కూళ్లు నడిపినవాళ్లకు ఒక విషయం బాగా తెలుసు: పాఠం చెప్పడం ఒక్కటే చాలదు, మనుషుల్ని కలిపి ఉంచాలి. హార్వర్డ్‌లో మొదటి సంవత్సరం వాళ్లను తొంభై మంది చొప్పున సెక్షన్లుగా విడదీస్తారు. ఒక సెక్షన్‌లో పడ్డాక వాళ్లు కలిసే చదువుతారు. పాతికేళ్ల తర్వాత కూడా 'నీది ఏ సెక్షన్?' అని అడుగుతారు గానీ 'నీకు ఎన్ని మార్కులు?' అని అడగరు. ఫ్రాన్స్‌లో 1957లో పెట్టిన ఇన్సియాడ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అయిదారుగురి స్టడీ గ్రూపును వాళ్లే వేస్తారు, దేశం వేరు, చేసొచ్చిన పని వేరు, ఆలోచించే తీరు వేరు అయినవాళ్లను ఏరి మరీ ఒకచోట కూర్చోబెడతారు. ఒక ఇంజనీరు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక మాజీ సైనికుడు రాత్రి పన్నెండింటికి ఒకే స్ప్రెడ్‌షీట్ మీద కొట్టుకోవాలని వాళ్ల కోరిక. ఆ కొట్లాటకు సిలబస్ లేదు. అయినా స్కూలు దాన్ని ఏరికోరి పెట్టింది.

కట్టడాల్లోనూ ఈ ఆలోచన కనిపిస్తుంది. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో ఏర్పడింది. దాన్ని కట్టడానికి వచ్చిన అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ హాస్టల్ గదులను మెట్ల చుట్టూ, నలుగురూ కూర్చుని మాట్లాడుకునే ఉమ్మడి చోటు చుట్టూ గుదిగుచ్చాడు. గదిలోకి వెళ్లాలంటే ఎవరో ఒకరు ఎదురుపడాల్సిందే. నడవాలను కూడా నడిచి పోవడానికే కాక, ఆగి మాట్లాడుకోవడానికి వీలుగా వెడల్పు చేశాడు. చదువు తరగతి గదిలో మొదలై గుమ్మం దగ్గర ఆగిపోదని ఆయన గట్టిగా నమ్మాడు. 1974లో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో చనిపోయాడు పాపం. 2020 డిసెంబరులో ఆ పద్దెనిమిది డార్మిటరీల్లో పద్నాలుగింటిని పడగొట్టి కొత్తవి కట్టాలన్న ఆలోచన బయటికి వచ్చింది. ఎక్కడెక్కడి ఆర్కిటెక్టులో, పాత విద్యార్థులో గోల చేశారు. 2021 జనవరి 1న సంస్థ వెనక్కి తగ్గింది. తర్వాత 2022లో భవనాల పరిస్థితి బాగోలేదంటూ మళ్లీ ఆ మాటే ఎత్తింది. ఇటుక పాడైందా, బతికుందా అన్నది ఇంజనీర్లు తేల్చాల్సిన విషయం, అందులో నేను తలదూర్చను. నేను చూసింది ఒక్కటే. ఆ గోల చేసినవాళ్లలో ఎవరూ 'అయ్యో, మా క్లాస్‌రూమ్!' అనలేదు. అందరి బాధా ఆ మెట్ల గురించే.

ఇప్పుడు నా ఫిర్యాదుకు వస్తాను.

తరగతి గది బయట ఉన్న ఆ జీవితాన్ని ఉద్యోగాల వేట మింగేసింది. మీరు చేరిన కొద్ది వారాలకే ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల తయారీ మొదలవుతుంది. సాయంత్రం ఆరింటికి ప్రెజెంటేషన్. అది రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో అవుతుంది, ఎందుకంటే వచ్చినాయన తన కంపెనీ విలువల గురించి నలభై స్లైడ్లు తెచ్చుకుంటాడు. (నేనూ అలా వెళ్లినవాణ్నే, నా స్లైడ్లు కాస్త తక్కువ.) రాకపోతే ఫైన్. ఫైన్ వేసేదీ మీ తోటి విద్యార్థులే, ప్లేస్‌మెంట్ కమిటీ వాళ్లు. వాళ్లను తిట్టకండి. అందరికంటే తక్కువ నిద్రపోయేది వాళ్లే.

పోనీ మిగిలిన సమయంలో క్లబ్బులున్నాయి కదా అంటారు. ఏవి? కన్సల్టింగ్ క్లబ్, ఫైనాన్స్ క్లబ్, మార్కెటింగ్ క్లబ్. పొద్దున క్లాసులో చేసిన కేసునే, అంటే ఏదో కంపెనీ సమస్యనే, సాయంత్రం క్లబ్బులో చేస్తారు, వారాంతంలో అదే కేసును పోటీ అని పేరు పెట్టి చేస్తారు. అవి వద్దనను, వాటి పని వాటికుంది. కానీ దాన్ని 'క్లాసు బయటి జీవితం' అని మాత్రం అనకండి. అది క్లాసే. కాకపోతే కుర్చీలు కాస్త మెత్తగా ఉంటాయి.

ఇక సీవీ పాయింట్ సంగతి. ఇక్కడ రెండో సంవత్సరం వాళ్లు నవ్వుతున్నారు, చూశాను. మొదటి సంవత్సరం వాళ్లు రేపటికల్లా నేర్చుకుంటారు. ఏ పని ముందు పెట్టినా 'ఇది సీవీలో రాసుకునే పాయింట్ అవుతుందా?' అన్న ప్రశ్న వస్తుంది. కుర్చీలు మోస్తే పాయింట్ అవదు, కుర్చీలు మోసే బృందానికి కోఆర్డినేటర్ అయితే అవుతుంది. అందుకే ప్రతి క్లబ్బులో కోఆర్డినేటర్లు ఆరుగురు, మోసేవాడు ఒకడు. ఆ ఒకడు ఎవరో మీకు తెలుసు. ఇప్పుడు కూడా ఈ మైకు వైరు దగ్గర నిలబడింది అతనే. అతని వైపు తిరిగి ఒకసారి చప్పట్లు కొట్టండి. నాకు కాదు, అతనికి.

నెట్‌వర్కింగ్ కోసమే కదా సార్ ఇదంతా అని ఎవరో ఒకరు అంటారు. మార్క్ గ్రానొవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక పరిశోధనా పత్రం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను కదిపి చూస్తే, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికినవాళ్లు ఆరుగురిలో ఒకరే. మిగతావాళ్లకు ఎప్పుడో అడపాదడపా కలిసే మనిషి ద్వారానే దొరికింది. దీన్ని పట్టుకుని మన వాళ్లు విజిటింగ్ కార్డులు పోగేయడం ఒక శాస్త్రం చేశారు. అసలు ఆ అడపాదడపా మనుషులు ఎవరు? పాత కాలేజీ స్నేహితులు, పాత ఆఫీసు సహోద్యోగులు. ఎప్పుడో కలిసి ఏదో పని చేసినవాళ్లు. కార్డు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు కారు.

ఇక ఆ చీకటి కథ.

ప్లేస్‌మెంట్ల రోజు చాలా కాలేజీల్లో ఇంటర్వ్యూకు వెళ్లే ప్రతి సీనియర్‌కూ ఒక జూనియర్‌ను తోడిస్తారు. మా దగ్గర బడ్డీ అనేవాళ్లం. నా బడ్డీ ఒక సన్నటి కుర్రాడు. మా నాటకానికి లైట్లు చూసింది అతనే. అప్పటికి మా మధ్య ఉన్నది ఆ రిహార్సళ్ల పరిచయం ఒక్కటే. ఆ రోజు పొద్దున్నే ఒక సంచీ వేసుకుని వచ్చాడు. అందులో పిన్నీసులు, దువ్వెన, ఒక జత నల్ల సాక్సులు, నోరు వాసన రాకుండా పిప్పరమెంట్లు. నా సీవీ మూడు రకాలుగా ఉండేది, కన్సల్టింగ్‌కు ఒకటి, బ్యాంకులకు ఒకటి, మిగతా లోకానికి ఒకటి. ఒకదాని బదులు ఇంకోటి ఇస్తే కొంప మునుగుతుందని మూడింటికీ మూడు రంగుల క్లిప్పులు పెట్టుకొచ్చాడు. తలుపు దగ్గరికి రాగానే వేలితో క్లిప్పు తీసి, కాగితం నా చేతిలో పెట్టి, టై ముడి సరిచేసి లోపలికి తోసేవాడు.

మొదటి గదిలో కాదన్నారు. రెండో గదిలో ఏమీ అనలేదు, అంటే కాదనే. మూడో గదిలో బాగా మాట్లాడానని అనుకున్నాను, బయటికి వచ్చేసరికి నడవా చివర బోర్డు మీద వేరే పేరు రాస్తున్నారు. మధ్యాహ్నం దాటింది. నా సెక్షన్ వాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు పట్టుకుని ఇంటికి కబురు చెబుతున్నారు. నేను మెట్ల మీద కూలబడ్డాను. కాళ్లలో సత్తువ లేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ భుజం తట్టి 'టెన్షన్ పడకు, మంచిదే వస్తుందిలే' అంటున్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండేది.

అతను ఆ మాట అనలేదు. పక్కన కూర్చుని, 'అన్నా, ఆ రోజు నీలం లైటు ఎందుకు రాలేదో నీకు ఇప్పటిదాకా చెప్పలేదు కదా' అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను చెప్పుకుపోయాడు. లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ వేడెక్కిందట. సీను మధ్యలో ఫ్యూజు పోయిందట. చీకట్లో తడుముకుంటూ వైరు పక్క బోర్డుకు మార్చేలోపు, నేను ఆగుతానని అతను అనుకుంటే, నేను ఆగకుండా 'ఇక్కడ ఎవరో ఉన్నారు' అన్న డైలాగు చెప్పేశాను. ఏమీ కనిపించని స్టేజీ మీద నుంచి కానిస్టేబుల్ గొంతు ఒక్కటే వినిపించింది. హాలంతా గప్‌చుప్. తర్వాత జడ్జీగా వచ్చిన ప్రొఫెసర్ ఆ చీకటి దర్శకత్వ ప్రతిభ అని మెచ్చుకున్నాడు. 'బహుమతి మనకు ఫ్యూజు వల్ల వచ్చింది అన్నా, ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి' అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే నాలుగో గదిలోకి వెళ్లాను. ఆ గదిలో కూడా ఉద్యోగం రాలేదు. వచ్చిందని చెబితే మీకు నచ్చేది, డైరెక్టర్ గారికి బ్రోషర్‌లో వేసుకోవడానికీ బాగుండేది. ఉద్యోగం తర్వాత వచ్చింది, అందరికీ వచ్చినట్టే. కానీ ఆ మెట్ల మీద నన్ను మళ్లీ లేపి నిలబెట్టింది ఆ ఫ్యూజు ముచ్చటే. రిహార్సళ్లు లేకపోతే ఆ ముచ్చట లేదు. సాయంత్రాలు లేకపోతే రిహార్సళ్లు లేవు. నేను ఇంతసేపూ చెబుతున్నది ఇదే.

తర్వాతి ఏడాది ఆ కుర్రాడు తన సీవీ చూడమని పంపాడు. నాటకం గురించి ఒకే ఒక్క లైను ఉంది: వార్షిక సాంస్కృతిక కార్యక్రమ సాంకేతిక బృంద సభ్యుడు. ఫ్యూజుకు అందులో చోటు లేదు. క్లిప్పులకూ లేదు.

మార్చడం కుదరదా అంటే కుదురుతుంది, కుదుర్చుకున్నవాళ్లు ఉన్నారు. వార్టన్ విద్యార్థులు తమ గ్రేడ్లను కంపెనీలకు చెప్పకూడదని తామే ఓటేసి పద్ధతి పెట్టుకున్నారు. ఇంకొన్ని పెద్ద స్కూళ్లలోనూ ఈ పద్ధతి ఉంది. మార్కుల కోసం ఒకరినొకరు తొక్కుకోవడం తగ్గుతుంది, రిస్కు ఉన్న కోర్సు తీసుకునే ధైర్యం వస్తుంది, చేతిలో కాస్త సమయమూ మిగులుతుంది. చదువు అశ్రద్ధ అవుతుందన్న విమర్శ ఉంది, అందులోనూ నిజం లేకపోలేదు. అయినా అది పైనుంచి వచ్చిన సర్క్యులర్ కాదు, పిల్లలు తమకు తాము చేసుకున్న ఏర్పాటు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత, 2009లో పట్టా తీసుకుంటున్న హార్వర్డ్ విద్యార్థులు కొందరు, డాక్టర్లకు ఉన్నట్టు మాకూ ఒక ప్రమాణం ఉండాలని తామే రాసుకుని సంతకాలు చేశారు. అదీ క్లాసులో ఇచ్చిన అసైన్‌మెంట్ కాదు. ఆ ప్రమాణం ఎంతమంది నిలబెట్టుకున్నారని మీరు అడగొచ్చు. అడగండి, అడగాల్సిందే. కానీ అలాంటివి రాసుకోవాలంటే ముందు నలుగురు ఒకచోట తీరిగ్గా కూర్చోవాలి కదా.

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. రెండు కోరికలు చెప్పి దిగిపోతాను. డైరెక్టర్ గారూ, వారంలో రెండు సాయంత్రాలు కంపెనీలకు ఇవ్వకండి. వచ్చేవాళ్లు వస్తారు, మధ్యాహ్నం పెట్టినా వస్తారు. మేం బయట ఉండి చూసినవాళ్లం, మీ పిల్లల కోసం మేం వస్తాం గానీ మీ సాయంత్రం ఆరింటి కోసం కాదు. మీరు తల ఊపారు, అందరూ చూశారు. దయచేసి అది మినిట్స్‌లో రాయించండి. రెండోది, ప్రెజెంటేషన్‌కు రానందుకు వేసే ఫైన్ తీసేయండి. బాగుండే ప్రెజెంటేషన్‌కు ఫైన్ అక్కర్లేదు, బాగాలేని దానికి ఫైన్ న్యాయం కాదు.

ఇప్పుడు ప్రశ్నలు అడగొచ్చు. నాటకాల గురించి, ఆటల గురించి, ఫ్యూజుల గురించి ఏదైనా అడగండి. మా కంపెనీలో ఇంటర్న్‌షిప్ గురించి మాత్రం ఈ సాయంత్రం అడగొద్దు. మూడో వరసలో చెయ్యెత్తిన బాబూ, నీ ప్రశ్న అదే అయితే దించేయ్.