చెరువు గట్టున చలికాలపు పాటపిట్టలు: గొంతు కాదు, తోక చూడండి

నమస్తే అండీ. నా వెనకాల ఉన్నది హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వచ్చినవాళ్లంతా కెమెరాలు ఫ్లెమింగోల మీదికే తిప్పుతారు. మనం మాత్రం ఇవాళ ఈ జమ్ము మొదట్లో చిన్న పాటపిట్టల్ని వెతుకుదాం. మీ దగ్గర్లోని ఏ చెరువు పార్కులోనైనా పద్ధతి ఇదే.

చలికాలం, పొద్దున్నే రండి. ఎండ మీ వీపుకి తగిలేలా నిలబడండి. 8 ఇంటూ 42 బైనాక్యులర్ (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) ఉంటే బాగుంటుంది.

ముందు ఊరికే వినండి. స్పీకర్‌లో పాటలు పెట్టుకుని వాకింగ్ చేసే అంకుల్ ఉంటే, ఆయన దాటేదాకా ఆగండి, తప్పదు! పిగిలిపిట్ట, గోరింక, తేనెపిట్ట గొంతులు మీకు తెలిసినవే. అవి కాకుండా ఇంకేం వినిపిస్తోందో పట్టుకోండి.

ఇదిగో, "చక్... చక్". పొదలోంచి వస్తే చాలావరకు బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనే చిన్నపిట్ట. చలికాలంలో దండిగా ఉంటుంది, వదిలేయండి. అదే జమ్ము కింద, తడి నేల మీంచి వస్తే కదలకండి. బ్లూత్రోట్, అంటే నీలిగొంతు పిట్ట కావచ్చు.

అందరూ నీలం గొంతు కోసమే చూస్తారు. ఆడపిట్టల్లో చాలావాటికి ఆ నీలం ఉండదు, మగవాటికీ చలికాలంలో వెలిసినట్టుంటుంది. అందుకే తోక చూడమంటున్నా. నాలుగడుగులు పరుగెడుతుంది, ఆగుతుంది, తోక పైకెత్తుతుంది. ఎగిరేటప్పుడు తోక మొదట్లో రెండు పక్కలా ఇటుకరంగు కనిపిస్తుంది. కంటిమీద తెల్లటి చార కూడా ఉంటే ఇక డౌట్ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ తుమ్మచెట్టు వైపు. "ట్‌ర్‌ర్‌ర్" అని పొడిగా వినిపిస్తే రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ ఏమో చూడండి. గోధుమరంగు చిన్నపిట్ట, తోక మొదట్లో రెండు తెల్ల మచ్చలు. దీన్ని అచ్చం పోలిన టైగా ఫ్లైక్యాచర్ కూడా ఉంది. దానికి తోక మొదలు పైన ఈకలు నల్లగా ఉంటాయి. తొందరపడి పేరు పెట్టేయకండి.

మెర్లిన్ యాప్ శబ్దం విని పేరు చెబుతుంది. మంచిదే, కానీ కళ్లతో చూశాకే లిస్టులో రాయండి. ఫోన్‌లో కూత ప్లే చేసి పిట్టని రప్పించడం మాత్రం వద్దు. ఖండాలు దాటి వచ్చింది పాపం, దాని మేత దాన్ని మేయనివ్వండి.

ఫోటో మసకగా వచ్చినా పర్లేదు, తోక కనబడితే చాలు. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టేయండి.