మోకాలిలో ‘గుజ్జు’ అంటే ఏమిటి? కదిలితే అరుగుతుందా, కదలకపోతే అరుగుతుందా?

[దృశ్యం: వంటగది గట్టు. పళ్లెంలో శుభ్రం చేసిన మేక కాలి ఎముక. కెమెరా ఎముక కొనకు బాగా దగ్గరగా వెళుతుంది.]

ఈ ఎముకను నిన్న మాంసం కొట్టులో అడిగి తెచ్చాను. నడుమ భాగం చూడండి, పసుపు తిరిగిన తెలుపు, కాస్త గరుకు. కొనకు వచ్చేసరికి రంగు మారుతోంది. పాలతెలుపులో సన్నని నీలిఛాయ, పైన తడి మెరుపు. వేలు పెడితే జారిపోతోంది. గోటితో గట్టిగా నొక్కితే రవ్వంత లొంగి, వదలగానే మళ్లీ మామూలుగా అవుతోంది.

ఎముక కొనకు తొడిగిన ఈ నున్నటి తొడుగు పేరు మృదులాస్థి. ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది’ అంటాం కదా, అరిగేది ఇదే. గుజ్జు అనే మాట మీద నాకు కోపం లేదు, ఇంటింటా వాడే మాట. కానీ దాని కింద రెండు వేర్వేరు వస్తువులు కలిసిపోయాయి. ఒకటి ఈ తొడుగు. రెండోది కీలు లోపల ఊరే ద్రవం. ఈ రెండింటికీ ఉన్న సంబంధం తెలియకపోవడం వల్ల మా ఇంట్లో పెద్ద పొరపాటు జరిగింది.

[దృశ్యం: వ్యాఖ్యాత కుర్చీలో కూర్చుని నేరుగా మాట్లాడాలి.]

నాలుగేళ్ల క్రితం మా అమ్మకు మోకాళ్ల నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీసి ‘గుజ్జు అరిగింది’ అని చెప్పి పంపించారు. అంతకు మించి ఎవరూ వివరించలేదు. అరిగే వస్తువును తక్కువ వాడితే ఎక్కువ కాలం వస్తుంది, చెప్పులైనా టైరైనా. అమ్మ అలాగే అనుకుని నడక మానేసింది. మేం కూడా ‘నువ్వు లేవకమ్మా’ అంటూ మంచం దగ్గరికే కంచం అందించాం. ఆరు నెలలు తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే ఎవరైనా చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

కీలు టైరు లాంటిది కాదని మాకు అప్పటికి తెలియదు. మన చర్మానికి, కండరానికి, ఎముకకు రక్తం అందుతుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు కూడా లేవు. నరాలు లేవు కాబట్టే అరుగుదల మొదలైన సంగతి చాలాకాలం మనకు తెలియదు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, చుట్టూ ఉన్న పొరల్లో. మరి రక్తం అందని ఈ కణజాలం ఏం తిని బతుకుతోంది?

[దృశ్యం: గిన్నెలో పెరుగుగారె. వేలితో నొక్కడం, వదలడం. నెమ్మదిగా చూపాలి.]

పెరుగులో బాగా నానిన గారెను వేలితో నొక్కండి. లోపలి తడి బయటికి వస్తుంది. వేలు తీయండి, చుట్టూ ఉన్న పెరుగును మళ్లీ పీల్చుకుంటుంది. మృదులాస్థి కూడా ఇలాగే ఉంటుంది. దాని బరువులో మూడింట రెండొంతులకు పైగా నీరే. అడుగు వేసినప్పుడు శరీరం బరువు పడి కొంత నీరు బయటికి వస్తుంది. కాలు ఎత్తగానే చుట్టూ ఉన్న ద్రవం లోపలికి ఇంకుతుంది. ఆ ద్రవంతో పాటే కణాలకు ఆహారమూ చేరుతుంది. కదలకపోయినా కొంత దానంతటదే ఇంకుతుంది, కానీ కదిలితే ఆ రాకపోకలు బాగా సాగుతాయి.

ఆ ద్రవాన్ని సైనోవియల్ ద్రవం అంటారు. కీలును చుట్టి ఒక సంచి ఉంటుంది, దాని లోపలి పొర రక్తం నుంచి వడగట్టి ఈ ద్రవాన్ని తయారుచేస్తుంది. పచ్చి గుడ్డులోని తెల్లసొనలా సాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఇది చిన్న చెంచాడు కూడా ఉండదు! బిందెడు బరువు నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి మోకాలికి ఆ కొద్దిపాటి ద్రవమే కందెన, అదే అన్నం.

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలని వారికి ఎమ్మారై తీసి చూస్తే, నెలలు గడిచేకొద్దీ మోకాలి మృదులాస్థి పల్చబడుతున్నట్టు తేలింది. బరువు పడలేదు, రాపిడి లేదు, అయినా పల్చబడింది. 2017లో వచ్చిన ఒక సమీక్ష మరో వైపు నుంచి చూసింది. సరదాగా పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందికి కనిపిస్తే, పరుగు జోలికి పోనివారిలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల కోసం విపరీతంగా పరుగెత్తేవారిలో మాత్రం 13.3 శాతం. ఈ లెక్కలు చూసి రేపటినుంచి అందరూ పరుగెత్తాలని నేను అనను. పరుగు వల్లే తేడా వచ్చిందని కూడా వీటితో తేల్చలేం. మితమైన కదలిక కీలును తినేస్తుందన్న భయానికి మాత్రం ఇక్కడ ఆధారం దొరకదు.

[దృశ్యం: పెద్దావిడ పిల్లవాడికి దిష్టి తీసి మెటికలు విరుస్తున్న బొమ్మ.]

మెటికల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమ్మమ్మలు దిష్టి తీసి కణతల దగ్గర వేళ్లు నొక్కితే వచ్చే టపటపలు ఎముకల రాపిడి చప్పుళ్లు కావు. కీలు సాగగానే లోపల ఒత్తిడి తగ్గి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బయటపడి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో వేళ్లను లాగుతూ ఎమ్మారై తీసినప్పుడు ఆ ఖాళీ పుట్టడం తెర మీద కనిపించింది. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడు 50 ఏళ్లకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, రెండు చేతులనూ పోల్చి 1998లో ప్రకటించాడు. ఏ చేతికీ కీళ్లవాతం రాలేదు. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షే అయినా, అంత ఓపిక నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

[దృశ్యం: నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయతో నడుస్తున్న పిల్లలు. తరువాత భుజం ఎముకల బొమ్మ.]

ఇప్పుడు కీలును పట్టి ఉంచేది ఏమిటో చూద్దాం. బడిలో బంతిగిన్నె కీలు అని చదువుకున్నాం. భుజం, తుంటి రెండూ ఆ రకమే. కానీ భుజంలో గిన్నె ఎక్కడుంది? అది చెంచా మీద నిమ్మకాయ! చేతి ఎముక తల పెద్దది, అది ఆనే పళ్లెం చిన్నది, లోతు లేనిది. అందుకే చెయ్యి వీపు గోక్కుంటుంది, అటక మీది డబ్బా అందుకుంటుంది. అందుకే భుజం తేలిగ్గా జారుతుంది కూడా. నిమ్మకాయ పడిపోకుండా చుట్టూ నాలుగు కండరాలు పట్టుకుని ఉంటాయి.

తుంటి అలా కాదు, అక్కడ నిజంగానే లోతైన గిన్నె ఉంది. జర్మనీకి చెందిన వెబర్ సోదరులు 1836లో ప్రచురించిన పరిశోధన ఇది. మృతదేహంలో తుంటి చుట్టూ ఉన్న కండరాలు, కీలు సంచి కోసేసినా కాలు ఊడి పడలేదు. గిన్నెకు రంధ్రం చేసి గాలి లోపలికి పోనిస్తే జారింది. బయటి గాలి ఒత్తిడే అంత బరువైన కాలిని పట్టి ఉంచింది.

మోకాలికి లోతైన గిన్నె లేదు. తొడ ఎముక కొనలో రెండు గుండ్రని ఉబ్బులు, వాటి కింద దాదాపు చదునైన పిక్క ఎముక. మధ్యలో నెలవంక ఆకారంలో రెండు మెత్తలు, కత్తెరలా దాటుకునే రెండు బంధనాలు. నడిచేటప్పుడు ఇక్కడ పడే భారం శరీరం బరువుకు రెండు మూడు రెట్లు, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. మోకాలి అరుగుదల ఉన్నవారు ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005 నాటి అధ్యయనం లెక్కగట్టింది.

ఇంత భారాన్ని చదునైన కీలు ఎలా నిలబెడుతోంది? నేల మీద కాళ్లు చాపి కూర్చోండి.

[దృశ్యం: చాపిన కాలు. చిప్ప మీద వేళ్లు. దగ్గరగా.]

తొడను పూర్తిగా వదిలేయండి. రెండు వేళ్లతో మోకాలి చిప్పను పక్కలకు మెల్లగా కదపండి. కదులుతోంది కదా. ఇప్పుడు మోకాలిని నేలకు నొక్కుతున్నట్టు తొడ బిగించండి. చిప్ప పైకి జరిగి బిగుసుకుంది. దాన్ని పైకి లాగింది తొడ ముందుభాగంలోని నాలుగు పాయల కండరం. ఆ కండరం పట్టును పెంచడానికే చిప్ప ఉంది, బావి గట్టు మీది గిలక మోకు దారిని మళ్లించినట్టు. కుర్చీలోంచి లేపేది, మెట్టు దిగేటప్పుడు కాలు ఒక్కసారిగా కుప్పకూలకుండా ఆపేది ఈ కండరమే.

అమ్మ ఆరు నెలలు కూర్చుంటే ముందుగా పోయింది ఇదే. ఎక్స్‌రేలో అరుగుదల అంతకు ముందు లాగే ఉంది. తొడ చుట్టూ చెయ్యి పెట్టి చూస్తే చీర మీంచే తెలిసేంతగా సన్నబడింది. ఫిజియోథెరపిస్టు ఎక్స్‌రే చూడకముందే ఆ తొడను పట్టుకుని చూసి, మొదటి రోజే ఒక కసరత్తు నేర్పారు. నడక తరువాత వచ్చింది.

అదే చూపిస్తాను. ఒక్క జాగ్రత్త. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, హఠాత్తుగా వాచినా, జ్వరం తోడైనా కసరత్తు జోలికి వెళ్లకండి, ఆ రోజే వైద్యుడిని కలవండి.

[దృశ్యం: గట్టి కుర్చీ. వ్యాఖ్యాత పక్కన అమ్మ మరో కుర్చీలో కూర్చుని ఉంటారు. ఇద్దరూ కలిసి చేస్తారు.]

వీపు కుర్చీకి ఆనించండి. అరచెయ్యి తొడ మీద పెట్టండి, కండ బిగుస్తున్నట్టు చేతికి తెలియాలి. కుడి కాలు మెల్లగా చాపండి. పూర్తిగా రాకపోతే వచ్చినంత. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. దించేటప్పుడు ఇంకా మెల్లగా. అమ్మా, తొందర లేదు. ఇప్పుడు ఎడమ కాలు.